కుదరదండి

లాండ్రీలో అందరూ మా అక్కను ‘అలాగేనండి’ అనే పిలుస్తారు. ఎవరేం చెప్పినా ఆమె నోట వచ్చేది ఆ ఒక్క మాటే. ఇంకొకరి వంతు దుప్పట్లు ఇస్త్రీ చేయమన్నా అలాగేనండి, సెలవు రోజున రమ్మన్నా అలాగేనండి. నాకైతే ఒళ్లు మండిపోయేది. అంత మెతకదనం పనికిరాదే తల్లీ అని నెత్తీ నోరూ కొట్టుకున్నా వినేది కాదు.

ఆ ఆవిరి గదిలో ఏళ్ల తరబడి నిలబడి చివరికి ఉబ్బసం తెచ్చుకుంది. ఇక ఆవిరి తగలకూడదని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. లైసెన్సు తెచ్చుకుంటే బట్టలు చేరవేసే వ్యాన్ అప్పగిస్తానంది యజమానురాలు. అక్క రెండుసార్లు పరీక్షకు వెళ్లింది, రెండుసార్లూ ఫెయిలైంది. “ఇన్‌స్పెక్టరు చెప్పినట్టే చేశానే! ఎందుకు ఫెయిల్ చేశారో ఏమో” అని ఇంటికొచ్చి కళ్లొత్తుకుంది తప్ప, ఆ మాట అక్కడ అడిగితే ఒట్టు. తెల్లారితే మళ్లీ ఆ ఆవిరి గదికే. ఈసారీ పోతే వ్యాన్‌కు వేరే మనిషిని చూసుకుంటానని యజమానురాలు తేల్చేసింది.

మూడోసారి తోడుగా నేనూ వెళ్లాను. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు నోరెత్తితే పరీక్ష రద్దని ముందే హెచ్చరించారు. అక్క పక్కన మళ్లీ ఆ ఇన్‌స్పెక్టరే కూర్చున్నాడు, ముఖం గంటు పెట్టుకుని. అక్క రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని బండి కదిలించింది.

వంతెన ఎక్కేసరికి రోడ్డు మీద బండ్లు నడిచే రెండు వరసల మధ్య ఉన్న ముక్కల గీత కాస్తా నిండు గీత అయింది. ముక్కల గీత దగ్గర వరస మారవచ్చు, నిండు గీత మీదుగా మారకూడదు. డ్రైవింగ్ మాస్టారు నూరిపోసిన సంగతే అది. సరిగ్గా అక్కడే ఇన్‌స్పెక్టరు, “ఎడమ వరసలోకి మారమ్మా” అన్నాడు.

“అలాగేనండి” అంది అక్క. ఇండికేటర్ కూడా వేసింది.

మునిగాంరా దేవుడా అనుకున్నాను. అరవాలని ఉంది, అరిస్తే పరీక్ష పోతుంది. పెదవి కొరుక్కుంటూ ఆమె చేతులకేసే చూస్తున్నాను. అవి కదల్లేదు. బండి తిన్నగానే పోతోంది.

“మారమంటుంటే వినబడటంలా?” గొంతు పెంచాడాయన.

“అలా...” అక్క ఆగిపోయింది. ఊపిరిలో పిల్లికూతలు వెనక ఉన్న నాకే వినిపిస్తున్నాయి. “కుదరదండి. ఇక్కడ నిండు గీత ఉంది. వంతెన దిగాక మారతాను.”

వంతెన దిగాక అక్క అద్దం చూసుకుని నెమ్మదిగా వరస మారింది. లైసెన్సు ఆఫీసు ముందుకొచ్చి బండి ఆపింది. పెద్దమనిషికి ఎదురుచెప్పింది, ఇక లైసెన్సుకు నీళ్లొదులుకోవాల్సిందేనని నేను బిక్కచచ్చి కూర్చున్నాను.

“పాసయ్యావు” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ముందు రెండుసార్లూ అదే చోట మారమన్నాను. కిక్కురుమనకుండా మారిపోయావు. అందుకే ఫెయిల్ చేశాను.”

నాకు సంతోషం కంటే ముందు కోపం తన్నుకొచ్చింది. “ఆ ముక్క అప్పుడే చెబితే మీ సొమ్మేం పోయేది సార్?”

“ఆవిడ అడగలేదుగా.”

ఆయన తలుపు మీద చెయ్యి వేశాడు. అక్క ఆయనవైపు తిరిగింది. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు.

“ఇప్పుడు అడుగుతున్నానండి. అప్పుడే చెప్పుంటే నేను ఆ ఆవిరి గదిలోకి మళ్లీ వెళ్లేదాన్నే కాదు. ఎందుకు చెప్పలేదు?”

ఆయన తలుపు మీది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అక్క ఇంజిన్ ఆపి, ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చుంది.