పదికి రెండు

మా అత్తగారు గుంటూరులో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఈ చలి దేశంలో, ఏజాక్స్ అనే ఊళ్ళో ఉన్న మా ఇంటికి వచ్చాక నా పప్పుచారుకి ఆవిడ వంక పెట్టని రోజు లేదు. ఆ మధ్యాహ్నం మాత్రం రెండు ముద్దలు తిని, కిక్కురుమనకుండా లేచి వెళ్ళిపోయారు. పొద్దుటి నుంచీ దవడ లాగుతోందని పంటి కింద లవంగం పెట్టుకున్నారు. గ్యాసేనని వాము కూడా నమిలారు. బయట మంచు కురుస్తుంటే ఆవిడ జాకెట్టు చెమటతో తడిసిపోయింది. మా ఆయన ఆఫీసు పని మీద రెండు గంటల దూరంలోని వాటర్లూ వెళ్ళారు. ఆవిడ వద్దంటున్నా కారెక్కించి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాను.

నొప్పి పదికి ఎంత అని నర్సు అడిగింది.

"టూ" అన్నారు అత్తగారు, నేను నోరు తెరిచేలోపే.

"కాదు, ఎయిట్" అన్నాను.

"అబద్ధాలెందుకు అమ్మాయ్? ముగ్గుర్ని కన్నదాన్ని. నొప్పంటే ఏంటో నాకు తెలీదా?"

నర్సు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. హాలు నిండా జనం. రెండంటే మమ్మల్నీ వాళ్ళతో పాటు కూర్చోబెడుతుంది. అక్కడే ఈవిడకి ఏమైనా అయితే? నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆవిడ మాట నమ్మకండి" అని ఇంగ్లీషులో దాదాపు అరిచాను. "దవడ నొప్పి, ఈ చలిలో చెమటలు. పైగా పొద్దుటి నుంచి నన్ను ఒక్క మాట అనలేదు. ఈవిడ అలా ఉండే మనిషి కాదు."

నర్సు నవ్వలేదు. ఆడవాళ్ళకి గుండెపోటు ఒక్కోసారి ఇలా దవడలోనే తెలుస్తుందని చెప్పి, అత్తగారిని వెంటనే ఈసీజీకి తీసుకెళ్ళింది. కాసేపటికే డాక్టరు వచ్చారు. గుండెకు వెళ్ళే రక్తనాళం మూసుకుపోయిందట, ఇప్పుడే స్టెంట్ వేయాలన్నారు.

స్ట్రెచర్ కదులుతుంటే అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"తెల్లారుజాము నుంచీ పోతాననే అనుకుంటున్నానమ్మా" అన్నారు. "నీకు పొద్దున్నే మీటింగుందన్నావు కదా, అందుకే చెప్పలేదు."

ఆవిడ బతికారు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా మాత్రం నాకు ఏడుపూ కోపమూ కలిసే వస్తాయి. ఆ రోజు నా మీటింగులో నేను నోరు విప్పాల్సిన పని కూడా లేదు.