గోడకెక్కిన హేమలత

బెంగళూరు బొమ్మనహళ్ళిలో గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పోయే దారిలో రామాంజినప్ప మందుల అంగడి ఉంది. ఆ అంగడి గోడమీద, లైసెన్సు పక్కన, చాలా ఏళ్ళు ఒక ఫోటో ఉండేది. నున్నగా దువ్విన జుట్టు, సన్నని మీసం, నవ్వీ నవ్వని ముఖం. ఫోటో అంటించిన సర్టిఫికెట్టులో ఇంగ్లీషులో ఏం రాసి ఉందో ఎవరూ చదివిన పాపాన పోలేదు. తలనొప్పికి వచ్చినవాళ్ళూ, దగ్గుకు వచ్చినవాళ్ళూ చిల్లర కోసం నిలబడినంతసేపూ ఆ ముఖాన్నే చూసేవారు. మనిషిని మాత్రం చూసినవారు లేరు.

ఆ ఫోటో కింద, కౌంటరు వెనక, రోజంతా నిలబడి మందులిచ్చేది హేమలత.

ఆమెది బాగేపల్లి పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. పీయూసీ సైన్సు, అంటే ఇంటరు, ప్యాసైన ఏడాదే టైల్స్ పని చేసే అంజితో పెళ్ళయి బెంగళూరు వచ్చింది. కూతురు బడికి పోవడం మొదలయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ అంగడిలో చేరింది. ఏ మందు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని తీయగలదు. కానీ ఆ మందు ఒంట్లోకి పోయి ఏం చేస్తుందో తెలియదు. ఎవరైనా "ఇది తింటే కడుపులో మంట వస్తాందమ్మా, యాల?" అని అడిగితే, "డాక్టర్నే అడగండి" అనేది. అన్న ప్రతిసారీ పంటి సందున ఇరుక్కున్న పీచులాగా ఆ ప్రశ్న రోజంతా సలుపుతూ ఉండేది.

ఒక ఆయుధపూజనాడు అంగడంతా కడిగి, గుమ్మానికి మామిడాకులు కట్టి, బరువు చూసే మిషనుకూ, ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్జుకూ, కంప్యూటరుకూ పసుపు కుంకుమ పెట్టారు. రామాంజినప్ప వాకిట్లో గుమ్మడికాయ కొట్టడానికి వంగి ఉన్నాడు. వీధి మూలలో పూలమ్మే పాపక్క చామంతి మాలలు తెచ్చింది. అందరూ గుమ్మడికాయ వైపు చూస్తుండగా ఆమె స్టూలెక్కి, గోడమీది ఫోటోకు పొడుగాటి మాల వేసి, గాజుపలక మీద నుదుటి దగ్గర ఇంత కుంకుమ పెట్టి, ఊదుబత్తి వెలిగించి చెంపలు వేసుకుంది.

"ఏయ్ పాపక్కా! ఏం చేస్తాండావు?" రామాంజినప్ప గుమ్మడికాయతోనే లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"పండగపూట నీ తమ్ముడికి ఒక మాలన్నా ఎయ్యకపోతే ఎట్లప్పా? చిన్న వయసులో పోయినాడు, పాపం. నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోతానా?"

"పోవడమేంది, నీ నోరు పడ! ఆయన నా తమ్ముడూ కాదు, పోనూ లేదు. జయనగరలో నిక్షేపంగా ఉండాడు. మన అంగడి ఫార్మసిస్టు, హేమంత్‌కుమార్ సార్."

పాపక్క స్టూలు మీదే నిలబడిపోయింది. "బతికే ఉండాడా? మరి ఇన్నేళ్ళలో ఒక్క దినమన్నా రాలేదే?"

రామాంజినప్ప గొంతు తగ్గించాడు. "చదువుకున్నాయన సర్టిఫికెట్టు గోడమీద ఉండాలని రూల్సు ఉండాది పాపక్కా. సర్టిఫికెట్టు ఇక్కడ ఉంటాది. ఆయనకు వేరే పని ఉండాది. నెలనెలా బాడుగ పంపిస్తాము."

"ఇండ్లకు బాడుగ విన్నాను గానీ మొగానికి బాడుగ ఇప్పుడే వింటాండాను. అయితే మాత్రలిచ్చేది ఎవరప్పా?"

"హేమ ఇస్తాది కదా."

"అట్లయితే హేమ ఫోటో పెట్టు."

"ఆమె ఆ చదువు చదవలేదు తల్లీ."

"చదివితే సరిపోతాది కదప్పా! దానికి ఇంత గొడవ యాల?"

అంగడిలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. హేమలత నవ్వలేదు. బొట్టు పెట్టించుకుని, మాల మెడలో పడి, బతికుండగానే ఊదుబత్తి పొగ పీలుస్తున్న ఆ ఫోటోను చూస్తూ ఉండిపోయింది. ఉన్న మనిషికి గోడమీద చోటు లేదు, లేని మనిషికి దండ పడింది.

పండగ వెళ్ళాక ఆమె రామాంజినప్పను అడిగింది. "అన్నా, నేను డీఫార్మసీలో చేరతా. సాయంత్రం కాలేజీ అయినాక వచ్చి అంగడి చూసుకుంటా."

"ఈ వయసులోనా? నీ బిడ్డ ఈడు పిల్లోళ్ళతో బెంచీ మీద కూర్చుంటావా?"

"కూర్చుంటా. ప్యాసైతే మాత్రం ఆ ఫోటో తీసి నాది పెట్టాల. నేనే ఇక్కడ ఫార్మసిస్టుగా ఉండాల."

రామాంజినప్ప నవ్వాడు. "మొదలు ప్యాసు కా తల్లీ. గోడ యాడికీ పోదు."

కాలేజీలో మొదటిరోజే ప్యూను ఆమెను ఆపి, "ఫీజు కట్టే పేరెంట్సు కింద కౌంటర్లో కట్టాలమ్మా" అన్నాడు. క్లాసులో పిల్లలు ఆంటీ అని పిలిచారు. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే రాళ్ళ మీద నడిచినట్టుండేది. ఇంట్లో కూతురు మాటలు పలికి చూపించేది, ఈమె వాటి అర్థాన్ని వంటింట్లో వెతుక్కునేది. మందుల జాతుల పేర్లు ఇంగ్లీషులో, పక్కన వాటి అర్థమూ చీటీల మీద రాసి డబ్బాలకు అంటించింది. అంజి ఒకరోజు కూరలో కారం చాలక లేచి వెళ్ళి, డబ్బా పట్టుకుని బిత్తరపోయి తిరిగొచ్చాడు.

"ఏందే ఇది? మిరప్పొడి డబ్బా మీద కడుపుమంట మందు అని రాసినావు?"

"రెండూ ఒకేసారి గుర్తుంటాయని."

"నా టైల్స్ పేర్లే మేలు. గ్రానైటంటే గ్రానైటు, మార్బులంటే మార్బులు" అని సణుగుతూనే, పడుకునేముందు ఆ చీటీలు పట్టుకుని ఆమెను ప్రశ్నలు అడిగేది కూడా ఆయనే. తప్పు చెబితే "ఊహూ" అనేవాడు. ఒప్పు చెప్పినా కొన్నిసార్లు "ఊహూ" అనేవాడు, ఇంగ్లీషు రాక.

చదువు తలకెక్కేకొద్దీ అంగడిలో హేమలత మందులిచ్చే తీరు మారింది. ఆ వీధిలో అందరిదీ ఒకటే అలవాటు. డాక్టరు చీటీ లేకుండా వచ్చి "జ్వరానికి ఒక సెట్టు కట్టియ్యి" అంటారు. రంగురంగుల మాత్రలు నాలుగు విడిగా తీసి కాగితంలో పొట్లం కట్టివ్వడమే సెట్టు. ఏ మాత్ర ఏదో కట్టినవాళ్ళకు తప్ప తెలియదు. మిగిలినవి పక్కింటివాళ్ళకు ఇస్తారు, నాకు తగ్గింది నీకూ తగ్గుతుందని. అలాంటి పొట్లాలు హేమలత కూడా బోలెడు కట్టింది. పేరు లేని మందు చేతికివ్వకూడదని పాఠంలో విన్న వారమే ఆ పని మానేసింది. డాక్టరు చీటీ ఉండాల్సిన మందుకు చీటీ అడిగేది. మిగతావాటిని షీటుతోనే కత్తిరించి, కవరు మీద పేరు రాసి, పొద్దుటి మాత్రకు సూర్యుణ్ణీ రాత్రి మాత్రకు చంద్రుణ్ణీ గీసేది. తిన్నాక వేసుకోవాల్సినదైతే పక్కన ఒక ముద్ద బొమ్మ.

జనం గొణిగారు. బేరం పక్క అంగడికి పోతుందని రామాంజినప్ప తల పట్టుకున్నాడు. అందరికన్నా పెద్దగా అరిచింది పాపక్కే.

"నిన్ను సదువుకోమన్నది నేనే. ఇప్పుడు నాకే సెట్టు లేదంటావా?"

"నువ్వు బీపీ మాత్రలు తింటాండావు పాపక్కా. దానిమీద ఆ నొప్పుల మాత్ర ఊరికే వేసుకుంటే నీ బీపీ ఎక్కి కూర్చుంటాది. నిన్ను పోగొట్టుకుంటే నాకు పూలెవరిస్తారు?"

పాపక్క మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది. మరుసటి వారం తనే ముగ్గురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి, "వీళ్ళకి కూడా ఆ సూర్యుడూ చంద్రుడూ వేసియ్యి" అంది.

గార్మెంట్స్‌లో పనిచేసే అనిత అనే అమ్మాయి ఆ కవర్లను ఊరికే తిప్పి తిప్పి చూసేది. ఆమె కూడా పీయూసీ సైన్సే. షిఫ్టు దిగి వస్తూ వస్తూ కౌంటరు దగ్గర ఆగి, "అక్కా, ఈ పొద్దు పాఠమేమి?" అని అడిగేది. హేమలత మందులిస్తూనే చెప్పేది. చెప్పిన పాఠం ఇద్దరికీ వచ్చేది.

కాలేజీలో పాఠం చెప్పే నేత్రావతి మేడం చెవిన ఈ కవర్ల సంగతి పడింది. ఆమె బొమ్మనహళ్ళికే వచ్చి, అంగడి ముందు గొడుగు పట్టుకుని నిలబడి సాయంత్రమంతా చూసింది. మరుసటి ఏడాది నుంచి ఆ కాలేజీ పిల్లలు ట్రైనింగుకు పోయిన ప్రతి అంగడిలోనూ అలాంటి కవర్లే రాశారు. తమకు ఆ బొమ్మలు గీయడం నేర్పింది ఆంటీ అని పిల్లలు గొప్పగా చెప్పుకున్నారు.

హేమలత కాలేజీకి ఫస్టు వచ్చింది. ఆ తర్వాత పేరు నమోదుకు రాయాల్సిన చివరి పరీక్షా దాటింది. ఫార్మసీ కౌన్సిల్లో పేరెక్కి, ఫోటో ఉన్న సర్టిఫికెట్టు చేతికొచ్చింది. అంజి దాన్ని పటం కట్టించి తెచ్చాడు. తెచ్చిన ఆ పటం మాత్రం ఇంట్లోనే బీరువాకు ఆనుకుని ఉండిపోయింది.

ఎందుకంటే రామాంజినప్పకు మొహమాటం పట్టుకుంది. "హేమంత్ సార్‌ను ఉన్నట్టుండి తీసేస్తే ఏమనుకుంటాడమ్మా? ఇన్నేళ్ళు అంగడికి తోడుండిన ఫోటో. కొంచెం ఓర్చుకో" అని దాటవేస్తూ వచ్చాడు.

ఆలోపే హొసకోటె నుంచి మందుల అంగడి ఓనరు ఒకాయన స్కూటరు మీద హేమలత ఇంటికొచ్చాడు. "నువ్వు శ్రమ పడద్దమ్మా. సుమ్నే, ఊరికే ఇంట్లో కూర్చో. సర్టిఫికెట్టు మా అంగడిలో కూర్చుంటాది. నెల తిరిగేసరికి బాడుగ నీ అకౌంట్లో పడుతుంది."

అంజి భార్య వైపు ఆశగా చూశాడు. అతని మోకాళ్ళు నేలమీద కూర్చుని కూర్చుని అరిగిపోయి ఉన్నాయి. ఆ చూపు హేమలతకు తెలుసు. గుండె ఒక్కసారి అటు లాగింది. అయినా బీరువాకు ఆనుకుని ఉన్న పటం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"వద్దన్నా. నేను లేని చోట నా ఫోటో ఉంటే మా పాపక్క వచ్చి దండ వేస్తాది."

ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అర్థమైన అంజి పకపకా నవ్వి, ఆయన్ను స్కూటరుదాకా సాగనంపి వచ్చాడు.

సెప్టెంబరులో ఫార్మసిస్టుల దినోత్సవం వచ్చింది. నగరంలోని ఫార్మసిస్టుల సంఘం ప్రతి ఏడూ పని చేసుకుంటూ చదివినవాళ్ళలో ఒకరికి పతకం ఇస్తుంది. పతకం అందుకున్నవాళ్ళు ఎవరి పేరు చెబితే వాళ్ళ డిప్లొమా చదువు ఖర్చంతా సంఘమే భరిస్తుంది. ఈసారి పిలుపు హేమలతకు వచ్చింది.

హాలుకు అందరూ కదిలారు. రామాంజినప్ప ఇస్త్రీ పంచె కట్టాడు. పాపక్క చేతిలో మల్లెపూల పొట్లం. లోపలికి అడుగు పెట్టగానే పాపక్క కెవ్వుమంది. ఎదురుగా, సన్నని మీసంతో, నవ్వీ నవ్వని ముఖంతో, కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు గోడమీది మనిషి.

"అయ్యో సామీ, నువ్వేనా! తప్పు కాచుకోప్పా. నీకు దండ వేసి ఊదుబత్తి గుచ్చింది నేనే."

హేమంత్‌కుమార్ బిత్తరపోయి చూశాడు. రామాంజినప్ప నీళ్ళు నములుతూ సంగతంతా చెప్పాడు. హేమంత్‌కుమార్ మొదట గట్టిగా నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగింది.

"మీ తప్పేం లేదు ఆంటీ. ఆ అంగడి వరకు నేను లేనట్టే కదా" అన్నాడు. హేమలత వైపు తిరిగి, "మేడం, మీ సర్టిఫికెట్టు ఇప్పుడు ఏ అంగడిలో ఉంది?" అని అడిగాడు.

"ఇంట్లో, బీరువా పక్కన ఉండాది సార్."

ఆయన రామాంజినప్పను చూశాడు. రామాంజినప్ప పంచె అంచు సర్దుకున్నాడు. "ఆయుధపూజకు వస్తాను. నా ఫోటో నేనే దించుకుంటాను" అన్నాడు హేమంత్‌కుమార్.

వేదిక మీద శాలువా కప్పి, మెడలో పతకం వేసి, మైకు చేతికిచ్చారు. ఇంట్లో అద్దం ముందు నేర్చుకున్న మాటలన్నీ హేమలతకు ఆవిరైపోయాయి. చివరి వరుసలో షిఫ్టు నుంచి నేరుగా వచ్చి, ఐడీ కార్డు మెడలోనే వేసుకుని నిలబడి ఉంది అనిత.

"నేను చెప్పాల్సిన పేరు అనిత" అంది హేమలత. "అనితా, ఈ పొద్దు పాఠమేమని రోజూ అడుగుతావు కదా. రేపటి నుంచి నువ్వు వచ్చి నాకు చెప్పాల."

నేత్రావతి మేడం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆమె వెనక హాలంతా లేచింది. ఆ చప్పట్లలో అంజి ఈల కూడా కలిసింది. అనిత రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

ఆయుధపూజనాడు అంగడి మళ్ళీ కడిగారు. హేమంత్‌కుమార్ అన్న మాట ప్రకారం వచ్చి, స్టూలెక్కి, తన పటం దించుకున్నాడు. గోడమీద ఆ మేర సున్నం తెల్లగా, కొత్తగా కనబడింది. అంజి మేకు సరిచూసి, టైల్స్ అతికించేటప్పుడు చూసినట్టు ఒక కన్ను మూసి వంకర సరిచేసి, భార్య పటం తగిలించాడు. రామాంజినప్ప గుమ్మడికాయ కొట్టాడు.

అప్పుడే చామంతి మాలతో పాపక్క దిగింది. నేరుగా గోడ వైపు నడిచింది.

"వద్దు పాపక్కా!" అని అందరూ ఒక్కసారే అరిచారు.

"ఏం, నాకా మాత్రం తెలీదా?" పాపక్క కౌంటరు చుట్టూ తిరిగి వెళ్ళి, తెల్లకోటు వేసుకుని నిలబడ్డ హేమలత మెడలో మాల వేసింది. "బతికుండేవాళ్ళకి వేయాల్సింది ఇక్కడ."

మాల తీయబోతుండగా దగ్గుకుంటూ ఒక ముసలాయన వచ్చాడు. ఈ వీధికి కొత్త మనిషి. కౌంటరు పట్టుకుని, ఊపిరి తీసుకుంటూ గోడమీది ఫోటోను చూశాడు. తర్వాత దండతో నిలబడి ఉన్న ఆమెను చూశాడు. మళ్ళీ ఫోటోను చూశాడు.

"ఆ ఫోటోలో ఉండేది నువ్వేనామ్మా?"

"నేనేనప్పా" అంది హేమలత, కవరూ పెన్నూ దగ్గరికి లాక్కుంటూ. "చెప్పు, దగ్గు ఎప్పట్నుంచి ఉండాది?"