తన్నినోడే రావల్ల

రాగుల డబ్బా మూత తీసినప్పుడల్లా నాకు తోలు వాసన తగులుతుంది. ఇంట్లో ఇంకెవరికీ తగలదు. అమ్మ ముక్కుకు వయసు మీద పడిందని మా పిల్లలు ఆటపట్టిస్తే నేనూ నవ్వి ఊరుకుంటాను. పోయిన నెల మాత్రం ఊరుకోలేకపోయాను. మదనపల్లెలో మా పాత ఇంటి వెనకున్న కాలేజీ పూర్వ విద్యార్థులు, ఒకప్పటి ఫుట్‌బాల్ టీములో మేటి ఆటగాళ్ల పేర్లతో బోర్డు పెడదామని, కప్పు గెలిచిననాటి ఫొటోను ఫోనులో పంపి, ఎవరెవరో చెప్పమన్నారు. నేను ఆ కాలేజీలో చదవలేదు. కానీ ఆ టీము గురించి నాకు తెలిసినంత ఆడినవాళ్లకే తెలియదని మా చిన్నాయన కొడుకు వాళ్లతో అన్నాడట. ఫొటోలో ఉన్న అందరినీ గుర్తుపట్టాను. ఉండాల్సిన ఒక్క మనిషి అందులో లేడు. ఎందుకు లేడో నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

తంబళ్లపల్లె దగ్గర మా మెట్టచేలను అమ్మానాయినలు చూసుకుంటుంటే, నా చదువు కోసం అవ్వ నన్ను పెట్టుకుని మదనపల్లెలో ఉండేది. మా పెరటిగోడే కాలేజీ మైదానానికీ గోడ. ఎండాకాలం పెరడంతా చింతపండు, వడియాలు, తొలకరికి ముందు విత్తనానికి వలిచిన చెనిక్కాయలు అనే వేరుశనగలు, చలి మొదలయ్యాక పల్లె నుంచి బస్సు మీద వచ్చిన కొత్త రాగులు, ఇట్లా ఏ కాలంలోనైనా చాపల మీద ఏదో ఒకటి ఎండుతూనే ఉండేది. సాయంత్రం అయిందంటే గోడ అవతల బూట్ల చప్పుడు, ఈలలు, ఎర్రదుమ్ము లేచేవి, వాటి వెనకే బంతి వచ్చి సరిగ్గా అవ్వ వడియాల మధ్యలో దబ్బున పడేది.

అవ్వ తిట్టేది కాదు. బంతిని ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చునేది. జూనియర్లను పంపిస్తే ఇచ్చేది కాదు. తన్నినవాడే రావాలి, నేనే తన్నానని చెప్పాలి, పాడైనదాన్ని తన చేత్తో సర్దాలి. ఆ తర్వాత అల్లం, కరివేపాకు నలిపి వేసిన మజ్జిగ తాగకుండా కదలనిచ్చేది కాదు. అందువల్ల ఊరంతా దూరం నుంచి చూసి చప్పట్లు కొట్టే ఆటగాళ్లను నేను మా పెరట్లో, మోకాళ్ల మీద కూర్చుని వడియాలు ఏరుతుండగా చూశాను. గోలీ వెంకటరమణ మా గుమ్మం కంటే పొడుగు. గోల్‌పోస్టుకు అడ్డంగా నిలబడితే కొండలా కనిపించేవాడు గానీ, అవ్వ ముందు తల వంచుకుని చెనిక్కాయలు ఏరేవాడు.

రానివాడు ఒక్కడే, కెప్టెన్ మునిరత్నం. పెద్దపంజాణి మనిషి. బంతి అతని కాలి వెంట తాడు కట్టిన దూడలా నడిచేది. ఆడిన మూడేళ్లలో అతని బంతి ఒక్కటీ గోడ దాటలేదు. జనం అందుకే అతన్ని మెచ్చుకునేవాళ్లు, నాకు మాత్రం అందుకే దిగులు. ఉగాదికి చేసిన ఓళిగల్లో ఒకటి అతని కోసం పొయ్యి పక్కన దాచిపెడితే చీమలు తినిపోయాయి. నాకప్పుడు పదేళ్లు. పెద్దయ్యాక మునిరత్నం అంత గొప్ప మనిషినే పెళ్లి చేసుకుంటానని మా క్లాసులో అందరికీ చెప్పి ఉన్నాను.

రావడంలో మొదటివాడు జయరాజు. వాళ్ల నాన్న మిషన్ ఆసుపత్రిలో పనిచేసేవాడు, కాపురం కూడా ఆసుపత్రి క్వార్టర్సులోనే. బ్యాక్ ఆడేవాడు. అతని దెబ్బకు బంతి పుంగనూరులో పడుతుందని ఎగతాళి చేసేవాళ్లు గానీ, అతను నిలబడ్డ వైపు నుంచి గోలు కొట్టినవాళ్లు తక్కువ. వారానికి రెండుసార్లయినా గేటు దగ్గరి నుంచే “అవ్వా, నేనే” అనేవాడు. సంగటి, ఊరిబిండి పెడితే వద్దనకుండా తినేవాడు. క్రిస్మస్‌కు వాళ్లమ్మ చేసిన కజ్జికాయలు తెచ్చి, అవ్వకు ఎన్నో నాకూ అన్నే లెక్కపెట్టి ఇచ్చేవాడు. రోజూ దొరికేదానికి విలువ తెలియదంటారు. నాకు అతని విలువ తెలియలేదు.

ఆ ఏడు పుంగనూరులో కుప్పం వాళ్లతో ఫైనలు. జయరాజుకు చివరి ఏడు, అదే చివరి మ్యాచి. అప్పటికే రెండు బంతులు పోగొట్టాడని, ఇంకొకటి పోతే టీములో ఉండవని ఆటలు నేర్పే పీడీ సారు గట్టిగా చెప్పి ఉన్నాడు. ఫైనలు కోసం కొత్త తోలుబంతి తెప్పించారు. రెండు రోజుల ముందు సాయంత్రం జయరాజు తన్నిన దెబ్బకు అది మా పెరట్లో పడింది. చెనిక్కాయల పని మీద అవ్వ పల్లెకు పోయింది, నాకు తోడున్న పక్కింటి ఆమె నీళ్లకు వెళ్లింది. బంతి నా చేతుల్లో ఉంది. ఇంత విలువైన బంతి దొరక్కపోతే కెప్టెనే వస్తాడు గదా అనిపించింది. రాగుల డ్రమ్ములో పెట్టి, పైన రాగులు కప్పాను.

జయరాజు వచ్చి అడిగితే ఇక్కడ పడలేదన్నాను. అతను పొద్దుగూకేదాకా గోడ వెంబడి ముళ్లపొదల్లో వెతికాడు. మునిరత్నం రాలేదు. పీడీ సారే వచ్చి, ఇల్లు వెతకాలన్నాడు. జయరాజు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

“పాప లేదనింది గదా సార్. ఈ ఇంట్లో అబద్దం సెప్పరు.”

సారు వెనక్కి తిరిగాడు, ఆ కోపంలోనే జయరాజును టీములోంచి తీసేశాడు. మ్యాచి రోజు పొద్దున టీమంతా లారీ ఎక్కింది. నిమ్మకాయల సంచి, నీళ్ల క్యాను పైకి అందించి జయరాజు కాలేజీ గేటు దగ్గర నిలబడిపోయాడు. గోడ మీది నుంచి నేను చూస్తూనే ఉన్నాను. నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. ఒక్క గోలుతో గెలిచారు, కప్పుతో ఫొటో దిగారు.

పల్లె నుంచి వచ్చాక, మరపట్టించడానికి రాగులు తీస్తుంటే అవ్వ చేతికి బంతి తగిలింది. జరిగింది నా చేతనే చెప్పించుకుంది.

“తన్నినోడే రావల్లని ఇన్నాళ్లు అందరికీ సెప్పినాను. ఇప్పుడు పోవల్సింది నువ్వు. ఎత్తుకోని పో.”

క్వార్టర్సు దాకా పోయాను. జయరాజు మెట్ల మీద కూర్చుని, బూట్లకు ఆముదం రాసి పేపరులో చుట్టి కడుతున్నాడు. ఇంక వాటితో పని లేనట్టు ముడి మీద ముడి వేస్తున్నాడు. వాకిలి దాటి లోపలికి పోలేదు. తిరిగొచ్చి, బంతిని గోడ మీంచి మైదానంలోకి విసిరేసి, చెప్పొచ్చినానని అవ్వతో అన్నాను. అట్లనా అని లోపలికి పోయింది. ఆ తర్వాత పన్నెండేళ్లు బతికింది, ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. తప్పించుకున్నానని సంబరపడిన తెలివితక్కువదాన్ని నేను.

ఫొటో వచ్చిన వారానికి, జయరాజు కుప్పంలో ఉన్నాడని కనుక్కుని బస్సెక్కాను. పుంగనూరు దాటుతుంటే ఆ మైదానం ఎటో చూడాలనుకున్నాను గానీ తల తిప్పలేకపోయాను. చేయి గోడకు ఆనించి నడిచే ముసలాయన తలుపు తీసి, కళ్లద్దాలు సర్దుకుని, అవ్వ మనవరాలివి గదా అన్నాడు. కూర్చోకముందే అంతా చెప్పేశాను.

“నాకు తెలుసు పాపా,” అన్నాడు. “నువ్వు మా వాకిలి దాంకా వచ్చి ఎనక్కి పోతివే, మర్నాడే అవ్వ వచ్చినాది. మా బిడ్డ వస్తాది, ఎప్పుడొస్తాదో సెప్పలేను, వచ్చేదాంకా నువ్వు అడగొద్దు నాయినా అనింది. నేను అడగలేదు.”

ఏడ్చాను. ఆయన ఆపమనలేదు. వాళ్లావిడ మజ్జిగ తెచ్చింది. తాగితేగానీ పంపేది లేదు, అది మీ ఇంటి పద్ధతే అన్నాడు. అల్లం, కరివేపాకు, అన్నీ అవ్వ చేతి కొలతే.

మైదానం గోడను ఇప్పుడు రెండాళ్ల ఎత్తు లేపారు. లోపల పార్కింగు రేకులు వేశారు, మా పెరడు ఉన్నచోట ఏదో కోచింగు సెంటరు. చాపలు లేవు, దబ్బుమనే చప్పుడు లేదు, తప్పు నాదేనని చెప్పడానికి అంత పొడుగు మనుషులు తలవంచి దాటిన ఆ గుమ్మం లేదు. బోర్డుకు పేర్లు రాసి పంపాను. ఫొటోలో లేని జయరాజు పేరు అన్నిటికంటే పైన రాసి, ఎందుకు లేడని వాళ్లు అడగకముందే, బంతి దాచింది నేనని కింద నా పేరు పెట్టాను.