ఆగు అంటే ఆగలేదు

ఈ రోజు, ఈ పరాయి దేశంలో మేం వేస్తున్న సహం రోడ్డు సైట్‌కి ఇంజనీరు గారి చక్రాల ఇల్లు వచ్చింది. లారీ వెనక తగిలించిన ఆ ఇంటిని వెనక్కి నడిపించి గోడ పక్కన నిలబెట్టాలి. డ్రైవర్ పఠాన్, తెలుగు రాదు, హిందీయే. దారి చూపే పని ఫోర్‌మన్ నాకు అప్పగించాడు.

"ఆనే దో, ఆనే దో" అని, రానివ్వమంటూ చెయ్యి ఊపుతున్నాను. ఇల్లు మా తాగునీళ్ల ట్యాంకు మీదికే వస్తోందని చూసేసరికి, నేర్చుకున్న హిందీ అంతా ఎగిరిపోయింది.

"ఆగు! ఆగు!" అని తెలుగులో అరిచాను.

పఠాన్‌కి అది హిందీ "ఆగే"లా, ముందుకు పొమ్మన్నట్టు వినిపించింది. బండి ముందుకు దూకింది. జానెడు దూరంలో ట్యాంకు బతికిపోయింది.

"శాబాష్ రాజన్నా! హిందీ అచ్ఛా హో గయా!" అని, నేను "ఆగే" అన్నాననుకున్న ఫోర్‌మన్ నా భుజం తట్టాడు; నా హిందీ బాగుపడిందట. రేపటి నుంచి సైట్‌కొచ్చే బండ్లన్నింటికీ నేనే దారి చూపాలట.

అసలు సంగతి ఆయనకు చెప్పెయ్యాలా, లేక గబగబా హిందీ నేర్చుకోవాలా? మీరైతే ఏం చేస్తారు?