కుడివైపు మూడు బోల్టులు

ఇది రాసి పెట్టకపోతే నాతోనే పోతుంది. పోతే బాగుండునని ఆరేళ్లుగా అనుకుంటూ మోశాను. అలా పోనివ్వకూడదని పోయిన నెలలో తెలిసింది. నేను చెప్పిన ఒక అబద్ధాన్ని నమ్మి ఇంకొక మనిషి తనను తాను చేతకానివాడిగా మార్చుకున్నాడు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ల ముందు నేను ఎప్పుడూ ఉన్నదానికంటే కాస్త పెద్దగా కనిపించాలని చూస్తాను. ఈ తప్పంతా అక్కడే మొదలైంది.

నేను బి.ఏ. చదివాను. కంప్యూటర్ పని, ఇంట్లో కుళాయిల మరమ్మతు, పన్నుల కాగితాలు, అన్నీ పుస్తకాలు చూసి నేర్చుకున్నవే. అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోకి వచ్చాక ఇక్కడి లైబ్రరీయే నాకు కాలేజీ అయింది. స్నేహితులు నన్ను లైబ్రరీ బావ అనేవారు. అది వెక్కిరింపే. నాకు మాత్రం బిరుదులా వినిపించేది.

శ్రీధర్ మా పక్క వీధిలో ఉంటాడు. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాడు. అతనికి చిన్న ఎస్‌యూవీ ఉండేది. దానితో లాక్కెళ్లడానికి పాత క్యాంపర్ ఒకటి కొన్నాడు. రెండు పడకలూ ఒక స్టవ్వూ పట్టే చక్రాల గది. దాన్ని లాగాలంటే కారు వెనక అడుగున హిచ్ అనే ఇనుప దూలం బిగించాలి. షాపులో పెట్టిద్దామని అతనన్నాడు. వద్దని నేనే అన్నాను. రెండు పుస్తకాలు చదివాను, గంట పని అన్నాను.

శనివారం పొద్దున ఆరింటికి వాళ్ల ఇంటి ముందు డ్రైవ్‌వేలో కారు కింద పడుకున్నాను. శ్రీధర్ దూలాన్ని ఎత్తి పట్టుకున్నాడు.

"మెకానికల్ చదివినోడు మోస్తున్నాడు, బి.ఏ. చదివినోడు బిగిస్తున్నాడు. అమెరికా అంటే ఇదే బావా," అన్నాడు.

ఆ పక్క మూడు, ఈ పక్క మూడు, మొత్తం ఆరు బోల్టులు. ముందు ఆరింటినీ చేత్తో తిప్పి నిలబెట్టాలి. తర్వాత టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పే పానాతో, ఒక్కొక్కటీ పుస్తకంలో రాసిన కొలతకు బిగించాలి. గంట పని రెండున్నర గంటలకు చేరింది. ఎడమవైపు మూడూ కొలతకు బిగించాను. కుడివైపువి ఇంకా చేతి బిగువు మీదే ఉన్నాయి. అప్పుడు శ్రీధర్ భార్య సుజాత పూజ పళ్లెంతో బయటికి వచ్చింది.

"అన్నయ్యా, తొమ్మిదికి రాహుకాలం. ఈలోపు పూజ చేసి బండి కదలాలి. అయిందా?"

సాగనంపడానికి వచ్చిన స్నేహితులు ఇద్దరు ముగ్గురు అప్పటికే కాఫీ కప్పులతో నిలబడి ఉన్నారు. అందులో ఒకాయన, "లైబ్రరీ బావ ఇంకా ఫస్ట్ చాప్టర్‌లోనే ఉన్నాడమ్మా," అన్నాడు. అందరూ నవ్వారు.

నేను బయటికి జరిగి చేతులు తుడుచుకున్నాను. "అయిపోయిందమ్మా," అన్నాను.

మరిచిపోయానా? చాలా ఏళ్లు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. సుజాత హిచ్‌కి పసుపు రాసి బొట్టు పెడుతుంటే, ఆమె వేళ్లకు జానెడు దూరంలో ఉన్న ఆ బోల్టుల గురించే ఆలోచిస్తూ నిలబడ్డాను. కారు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, క్యాంపర్‌కి రెండు. పూజ అయిన బండి కిందికి మళ్లీ పానాతో దూరితే బాగుండదని ఒక సాకు దొరికింది. ఆగమని ఉంటే ఏమయ్యేది? రాహుకాలం వెళ్లేదాకా గంటన్నర ఆగేవాళ్లు. ఇంకోసారి నవ్వేవాళ్లు. అంతే. ఆ నవ్వుకు భయపడ్డాను. రేపు తిరిగొచ్చాక బిగిస్తే పోతుంది, రెండు రోజులు ఆగవా అనుకున్నాను. ఏ పుస్తకం చెప్పింది నాకు అలా?

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఓక్లహోమా దారిలో ఒక కుదుపుకు క్యాంపర్ అడ్డంగా తిరిగి కారును గోతిలోకి ఈడ్చింది. తొమ్మిదేళ్ల కూతురు మానసకు ఏమీ కాలేదు. సుజాత కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది.

నా భార్య పద్మ ఆసుపత్రికి వెళ్లింది. కారునూ క్యాంపర్‌నూ లాక్కెళ్లి పెట్టిన యార్డుకి, వాళ్ల సామాను తేవడానికి నేను వెళ్లాను. వంగి చూశాను. కుడివైపు మూడు బోల్టులూ లేవు. దూలం ఆ పక్క కిందికి వేలాడుతోంది. క్యాంపర్ ముందుభాగం మాత్రం హిచ్ చివరనుండే ఇనుప గుండును ఇంకా పట్టుకునే ఉంది. అది ఊడకుండా శ్రీధర్ పెట్టిన తాళం పిన్ను దాని చోట దానికుంది. అది చూసి, సంచులు నా కారులో పెట్టుకుని, ఆసుపత్రికి వెళ్లాను.

శ్రీధర్ నడవాలో నిలబడి ఉన్నాడు. "ఏమైంది బావా? నేనేమైనా మర్చిపోయానా?"

"పిన్ను పెట్టావా?"

"పెట్టాననే అనుకుంటున్నా."

"అనుకుంటే ఎట్లా శ్రీధర్? పిన్ను లేకపోతే కుదుపుకి క్యాంపర్ ఊడుతుంది. ఊడితే, కారుకి కట్టిన గొలుసుల మీద వేలాడి హిచ్‌నే పీకేస్తుంది. పుస్తకంలో ఉంది."

అతను సుజాత ఉన్న గది తలుపు వైపు చూశాడు. "అయితే నేనే," అన్నాడు.

పుస్తకంలో అది నిజంగానే ఉంది. అందుకే అంత సులువుగా నోటికి వచ్చింది. చదువుకున్నదంతా ఆ ఒక్క నిమిషంలో అలా వాడుకున్నాను. ఇన్సూరెన్స్ వాళ్లు పెద్దగా ఏమీ అడగలేదు. వాళ్లు తీసిన కారు ఫోటోలు చూడటానికి శ్రీధర్ ఒప్పుకోలేదు. సుజాత జడ ఇప్పటికీ మానసే వేస్తుంది. శ్రీధర్ హైవే ఎక్కడం మానేశాడు. తాళం వేశాక నాలుగుసార్లు వెనక్కి వెళ్లి చూస్తాడు. ఎవరింట్లో కలిసినా, "గ్యాస్ ఆఫ్ చేశావా శ్రీధర్?" అని ఎవరో ఒకరు ఆటపట్టిస్తారు. నేనూ నవ్వాను. ఒకసారి కాదు.

పోయిన నెల మానసకు డ్రైవింగ్ నేర్చుకునే పర్మిట్ వచ్చింది. తండ్రి నేర్పనన్నాడట. మా ఇంటికొచ్చి, "అంకుల్, డాడీ అన్నీ ఫర్గెట్ చేస్తాడంట. సో, మీరే టీచ్ చేయాలి," అంది. వెనకే ఉన్న శ్రీధర్, "నువ్వైతే అన్నీ చూసుకుని చేస్తావు బావా," అన్నాడు.

ఇంతవరకు రాసిన కాగితాలు పోయిన శనివారం తీసుకెళ్లి అతనికి ఇచ్చాను. గ్యారేజీలో నిలబడే చదివాడు. నెమ్మదిగా చదివాడు. ఒక్కటే అడిగాడు: "హాస్పిటల్‌కి రాకముందే చూశావా?"

"చూశాను," అన్నాను.

కాగితాలు మడిచి నా చేతికి ఇచ్చాడు. "లోపల సుజాతకి నేను చెప్తా. నువ్వు వెళ్లు," అన్నాడు. బావా అనలేదు. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు. ఆదివారం ఒక ఖాళీ పార్కింగ్ లాట్‌లో మానస కారు నడుపుతుంటే పక్క సీట్లో అతను కూర్చుని ఉండటం చూశానని పద్మ చెప్పింది. చాలా అలసటగా ఉంది. ఆరేళ్లుగా ఉన్న అలసట కాదు ఇది, పని చేశాక వచ్చేది.

హిచ్ పుస్తకాలు వెతికిచ్చిన లైబ్రరీ మార్గరెట్‌కి కృతజ్ఞతలు. పుస్తకాల తప్పు ఏమీ లేదు. టార్క్ రెంచ్ అరువిచ్చిన రవిగారికి, దాన్ని సగమే వాడానని ఇన్నేళ్లూ చెప్పనందుకు సిగ్గుతో పాటు కృతజ్ఞతలు. ఇది రాస్తున్నప్పుడు పక్కన కూర్చుని ఒక్క వాక్యం కూడా మెత్తబరచనివ్వని పద్మకి. విరిగిన చేత్తోనే నాకు ఎన్నోసార్లు అన్నం వడ్డించిన సుజాతకి. శ్రీధర్‌కి, చివరి పేజీ దాకా చదివినందుకు.