ఎదురు గదిలో క్లాసు

కాలేజీలో టైంటేబులు వేసేది లెక్కల మేడమ్. సన్నగా, నిటారుగా ఉంటుంది. ఎవరేమడిగినా ముందు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఆ తర్వాతే జవాబు చెబుతుంది. ఆవిడ చదువుకున్నదీ ఈ కాలేజీలోనే. అప్పట్లో పెద్ద మాస్టారు, తాను రాసిన ఖరీదైన పుస్తకం కొనలేదని ఆవిణ్ణి ఏడాదంతా గుమ్మం బయటే నిలబెట్టి, "చదువు ఊరికే వస్తుందా?" అంటూ క్లాసుని నవ్వించేవాడు. ఈ ఏడు ఆవిడ, మాస్టారు ఇంకా చెబుతున్న అదే పాఠానికి సొంతంగా నోట్సు రాసి పిల్లలకు ఉచితంగా ఇస్తానంది. తన క్లాసును సరిగ్గా మాస్టారి క్లాసు వేళకే, ఎదురు గదిలో వేసుకుంది. పిల్లలు ఎగబడి అందులో చేరారు. మాస్టారి దగ్గర ముగ్గురు మిగిలారు.

అంత తక్కువమందితో క్లాసు నడపరు. మాస్టారు ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి, కూర్చోమనకపోతే నిలబడే అడిగాడు.

"నీ క్లాసు మధ్యాహ్నానికి మార్చమ్మా. లేకపోతే నాది ఎత్తేస్తారు."

"మధ్యాహ్నం పిల్లలు పనులకెళ్ళాలి సార్."

"పోనీ, నా పుస్తకం ధర తగ్గిస్తాను."

"నాది ఊరికే ఇస్తున్నాను కదా సార్."

"నామీద ఎందుకమ్మా ఇంత కక్ష? నీకు నేనేం చేశాను?"

ఆయన నిజంగానే మరిచిపోయాడు. ఆవిడకు మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ చెబితే ఆయన క్షమించమంటాడు. అప్పుడు తను మెత్తబడాల్సి వస్తుంది.

"మీరేం చెయ్యలేదు సార్," అంటూ, ఆయన చూస్తుండగానే టైంటేబుల్లోంచి ఆయన క్లాసు కొట్టేసింది.