వెనకవాళ్లకు కూడా కనపడాలి

మెక్సికోలోని ప్వెబ్లా ఊళ్లో సెమిటా రొట్టెలమ్మే ఒబ్దూలియాకు చిన్ననాటి నుంచీ కన్ను టపటపలాడేది, భుజం దానంతటదే ఎగిరేది. సిస్టర్ల బడిలో మాకు వ్యాకరణం చెప్పిన ఫెర్మీన్ మాస్టారు అది పొగరనుకున్నాడు. "వెనకవాళ్లకు కూడా కనపడాలి" అంటూ ఆమెను బల్లెక్కించి మా అందరిచేతా నవ్వించేవాడు. ఎప్పటికైనా ఆయన్నీ అలా నిలబెట్టాలని ఆమె పంతం.

ఆయన ముసలితనంలో ఆమెకు ఆ అవకాశం వచ్చింది. ఇలాంటి కదలికల తీవ్రతను కొలిచే ఇంగ్లీషు ప్రశ్నలను ఆస్పత్రివాళ్లు స్పానిష్‌లోకి మారుస్తూ, అవి అర్థమవుతున్నాయో లేదో చూడటానికి ఒబ్దూలియాతో సహా రోగులను ఒక హాల్లోకి పిలిచారు. అర్థం కాని ప్రతి మాటా విడమరచాలన్నది అక్కడి నియమం. విడమరచే భాషా పండితుడు ఫెర్మీన్ మాస్టారే. ఆమెను ఆయన గుర్తుపట్టలేదు.

"భుజం ఎగరేయడమంటే తెలిసిందా అమ్మా?"

"మొద్దుదాన్ని మాస్టారూ, చేసి చూపించండి."

డాక్టర్లు కానివ్వమన్నారు. ఆయన భుజం ఎగరేశాడు.

"కన్ను కూడా కొట్టండి. కాస్త లేచి నిలబడండి, వెనకవాళ్లకు కూడా కనపడాలిగా."

మాస్టారి ముఖం పాలిపోయింది. "నువ్వు ఒబ్దూలియావా?"

"ఇంకా అర్థం కాలేదు మాస్టారూ. మళ్లీ చెయ్యండి."

సాయంత్రం దాకా చేయించింది. ఆదివారం చర్చిలో ఆయన భుజం తనంతట తానే ఎగరడం నేను కళ్లారా చూశాను, నమ్మితే నమ్మండి. వెనక వరసలోంచి ఒబ్దూలియా మెల్లగా అంది: "ఇక్కడికి బాగానే కనపడుతోంది."